బాలశౌరి మాస్టారి గుడ్డముక్కలు

నేను అనుమానం మనిషిని. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. మా కొంగల్లంకలో నన్ను పోస్టుమాస్టరు పోతురాజు అంటారు గానీ, నా పోస్టాఫీసంటే మా ఇంటి వసారాలో ఒక బల్ల, ఒక పెట్టె, గోడకి రెండు సర్కారు బొమ్మలు. మిగతా పూట నేనూ అందరిలాగే వల లాగేవాణ్ణే. ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి ఊళ్ళో సగంమందికి ఉత్తరాలు రాసేదీ నేనే, వచ్చినవి చదివి పెట్టేదీ నేనే. ఇన్నేళ్ళు ఇతరుల ఉత్తరాలు చదివినవాడికి మనుషుల మీద నమ్మకం మిగలదు. ప్రతివాడూ ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టి, మూడో వాక్యంలో అసలు సంగతి బయటపెడతాడు. బాలశౌరి మాస్టారి దగ్గర ఆ మూడో వాక్యం నాకు ఎంత వెతికినా దొరకలేదు. నా బాధంతా అదే.

ఆయన డెబ్భై అయిదు జూన్‌లో మా లంకకి వచ్చాడు. కొల్లేటి నడుమ మాది డెబ్భై గడపల ఊరు. అందరం చేపల మీద బతికేవాళ్ళం. కైకలూరు వైపు గట్టు దాకా నడిచొచ్చి, అక్కణ్ణించి దోనె ఎక్కితే గానీ మా ఊరు రాదు. అందుకని మా బడికి వేసిన మాస్టర్లందరూ ఆర్నెల్లు తిరక్కుండా బదిలీ చేయించుకుని పోయేవాళ్ళు. ఈయన మాత్రం విజయవాడ గుణదల నుంచి భార్యనీ, ఆరేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని ఒక ట్రంకుపెట్టె, ఒక చాపచుట్ట, ఒక పెద్ద గుడ్డల మూటతో దిగాడు. దోనె ఒడ్డుకి తగలగానే ముందు ఆ మూట తడవకుండా ఎత్తి గట్టున పెట్టాడు. కూతుర్ని తర్వాత దించాడు. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. పిల్లకంటే మూట ముందయిందంటే అందులో ఏదో ఉందన్న అనుమానం నాకు ఆ క్షణమే పట్టుకుంది.

ఆయన భార్య అమలమ్మ కలుపుగోలు మనిషి. వచ్చిన వారానికే మా ఆవిడ కొండలమ్మతో వదినా అని వరస కలిపేసింది. వాళ్ళిద్దరూ మా పెరట్లో కూర్చుని చేపలు తోముతూ మాట్లాడుకునేవి తర్వాత కొండలమ్మ నాకు చెప్పేది. కూతురు మార్త పుట్టాక అమలమ్మకి రెండుసార్లు కడుపొచ్చి, నిలవకుండా పోయిందట. ఒక్క బిడ్డ కోసం గుణదల మాతకి ఏటేటా మొక్కుకుంటోందట. మాస్టారు పైకి ఏమీ అనడు గానీ, మొదటిసారి పోయినప్పుడు ఆ పిల్లాడి కోసం కుట్టించిన చొక్కా ఇంకా ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నాడట. ఇవన్నీ విని నేను జాలిపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ మూటలో ఏముందో చెప్పిందా అని అడిగాను. లేదు, చెప్పలేదంది.

మూటలో ఏముందో బడి తెరిచిన సోమవారం తేలిపోయింది. బడి గోడకి ఒక పాత తలుపుచెక్క ఆనించి, దానికి నల్లగొంగళి బిగించి మేకులు కొట్టాడు. మూట విప్పితే అన్నీ ఫ్లానల్ గుడ్డముక్కలు. గుండ్రాలు, అరగుండ్రాలు, పలకలు, మూడుమూలల ముక్కలు, పొడుగు పట్టీలు. పసుపు, నీలం, ఎరుపు, తెలుపు, ఇంకా రంగు పేరు చెప్పలేనివి కొన్ని. వాటిని గొంగళి మీద పెట్టి అరచేత్తో నొక్కితే చాలు, జిగురూ లేదు, మేకూ లేదు, అక్కడే పట్టుకుని నిలబడేవి. మా కులపెద్ద పేరయ్య వచ్చి ఒక ముక్క ఊడదీసి, వెనక్కి తిప్పి, వాసన చూసి, మళ్ళీ పెట్టాడు. అది మళ్ళీ అంటుకుంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేం బొమ్మ మాస్టారూ?" అని అడిగాడు.

"ఏం బొమ్మా కాదండీ. ఊరికే, ఆట," అన్నాడు బాలశౌరి.

"ఆటకి పేరుంటది కదా."

"దీనికి లేదండీ. మీరూ ఒకటి జరిపి చూడండి."

పేరయ్య జరపలేదు. ఇంటికెళ్తూ దారిలో నాతో, "ఒరే పోతురాజూ, ఊరికే ఎవడైనా విజయవాడ నించి మూట మోసుకొస్తాడంట్రా?" అన్నాడు. నా మనసులో మాటే.

మాస్టారు ఆ బోర్డుకి పెట్టిన పద్ధతి ఇదీ. పొద్దున్నే ఆయన ఏవో ముక్కలు పెట్టేవాడు. పిల్లలు లెక్కలూ, పద్యాలూ అయ్యాక ఒక్కొక్కళ్ళే వచ్చి ఒక్క ముక్కనే జరపాలి. ఇది ఏం బొమ్మ అని ఎవరూ అడగకూడదు. జరిపినవాడు వెనక్కి వెళ్ళి చూడాలి, బాగుందనిపిస్తే కూర్చోవాలి. శనివారం మాత్రం వంతు ప్రకారం ఒక పిల్లకో పిల్లాడికో బోర్డంతా ఇచ్చేసేవాడు, వాళ్ళ ఇష్టం. ఆ పెట్టింది సోమవారం దాకా మాస్టారు కూడా ముట్టుకునేవాడు కాదు. సాయంత్రం పిల్లలు పోయాక ఆయనొక్కడే నిలబడి, తల ఒక పక్కకి వాల్చి చూస్తూ, అరగుండ్రాన్ని వేలెడు పైకి జరిపి, మళ్ళీ వేలెడు కిందికి జరిపి, తనలో తాను నవ్వుకునేవాడు. కిటికీలోంచి నేను చాలాసార్లు చూశాను. ఎవరూ లేని చోట నవ్వే మనిషిని నమ్మడం నా వల్ల కాదు.

ఒక ఆదివారం వాళ్ళు ముగ్గురూ చర్చిలో పూజకని కైకలూరు వెళ్ళారు. బడికి తాళం లేదు. ఆరా తీద్దామని లోపలికెళ్ళాను. ముక్కల వెనక రాతలేమైనా ఉన్నాయేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూశాను. లేవు. అంచులు మాత్రం ఎంతో జాగ్రత్తగా కత్తిరించి ఉన్నాయి. గుండ్రాలు కంచం పెట్టి ఒక కొలతా, గ్లాసు పెట్టి ఒక కొలతా గీసినట్టున్నాయి. తిరిగి పెట్టేటప్పుడు పసుపు అరగుండ్రం ఎక్కడుండేదో గుర్తు రాలేదు. నీలం పట్టీ మీద పెట్టాను, ఒప్పలేదు. పట్టీ కిందికి మార్చాను, పడిపోతున్నట్టనిపించింది. దాని పక్కన చిన్న తెల్ల గుండ్రం పెడితే పడిపోకుండా ఆగింది. గుడ్డముక్క పడిపోవడమేమిటి, ఆగడమేమిటి? కానీ నిజంగా ఆగింది. నాకు ఒళ్ళంతా ఏదో హాయిగా అనిపించింది. మళ్ళీ ఇంకొకటి జరిపాను. బయట మా కొండలమ్మ కేక వేస్తే తెలిసింది, బువ్వవేళ దాటిపోయిందని.

అంత సంతోషం నాకు ఏళ్ళ తరబడి లేదు. ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం కోపం వచ్చింది. బుద్ధీ జ్ఞానం ఉన్న నన్నే ఇంతసేపు కట్టిపడేసిందంటే ఇందులో మర్మం ఉండే తీరాలి అనుకున్నాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను.

డెబ్భై ఆరు వానాకాలం వచ్చేసరికి ఊళ్ళన్నిటా ఒకటే భయం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి మనుషుల్ని పట్టుకుపోతున్నారని సంతల్లో చెప్పుకునేవాళ్ళు. గట్టు మీద జీపు చప్పుడైతే మగవాళ్ళు పంటచేలల్లో పడుకుంటున్నారని ఒకడు, ఆపరేషనయిన వాడు ఇంక వల లాగలేడని ఇంకొకడు. ఎంత నిజమో ఎంత కల్పనో తెలిసే దారి లేదు, పేపర్లో ఏదీ రాదు. నియంత్రణ గుర్తుగా వేసే ఎర్ర త్రికోణం బొమ్మ మాత్రం ఎటు చూసినా కనిపించేది. బస్సుల వెనక, ఆసుపత్రి గోడల మీద, ఆఖరికి నా పోస్టాఫీసు గోడకున్న సర్కారు బొమ్మలో కూడా. కొన కిందికి తిరిగిన ఎర్ర త్రికోణం చూస్తే మా ఊళ్ళో మగాడన్నవాడికి గుండె జారేది. అయినా మా లంకకి ఎవరూ రాలేదు. నీళ్ళు దాటి రావాలి కదా, మమ్మల్ని మర్చిపోయారని ధైర్యంగా ఉన్నాం.

అప్పుడు ఒక శనివారం మా పెద్దపిల్ల బుల్లెమ్మ బడి నుంచి గెంతుకుంటూ వచ్చింది. "నాన్నా, ఇవాళ బోర్డు నాదే. మనిల్లు పెట్టాను," అంది.

"మనిల్లా? ఎట్టా పెట్టావే?"

"నువ్వు పెద్ద గుండ్రం. అమ్మ చిన్న గుండ్రం. నేనూ, చెల్లీ, తమ్ముడూ మూడు పలకలు. పైన ఎర్ర మూడుమూలల ముక్క."

"పైనంటే ఇంటికప్పా?"

"కాదు నాన్నా. కప్పులా పెడితే బాలేదు. తిప్పి, కొన కిందికి పెట్టాను. భలే కుదిరింది."

నా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "మాస్టారు పెట్టమన్నాడా?" అని అడిగాను. లేదు, నేనే పెట్టానంది. నేను నమ్మలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి అలా ఎందుకు తోస్తుంది? ముగ్గురు పిల్లల ఇల్లు, దాని మీద ఎర్ర త్రికోణం. అంతకు ముందు శనివారం పేరయ్య మనవడు పదకొండు ముక్కలు పెట్టాడు. పేరయ్య ఇంట్లో పదకొండు మంది! దాంతో నాకు చిక్కంతా విడిపోయింది. ఆట ఏమీ కాదు, పిల్లల చేత ఇంటింటి లెక్కా రాబడుతున్నాడు. ఏడాదిపాటు దొరకని మూడో వాక్యం దొరికిందని నాకు లోలోపల సంబరం కూడా కలిగింది.

పేరయ్య చెవిన వేశాను. ఆయన సాయంత్రానికల్లా ఊరందరి చెవినా వేశాడు. సోమవారం బడికి ఒక్క పిల్లా వెళ్ళలేదు. మంగళవారమూ అంతే. మాస్టారు ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లో పిల్లలకి ఒంట్లో బాగాలేదు. మా ఇంటికీ వచ్చాడు.

"పోతురాజుగారూ, నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందాండీ?" అని అడిగాడు.

"అబ్బే, అదేం లేదు మాస్టారూ. జ్వరాలు," అన్నాను. మా బుల్లెమ్మ వెనకాల పెరట్లో తాడాట ఆడుతోంది. తాడు చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది.

"బోర్డు తను పెట్టింది పెట్టినట్టే ఉందని బుల్లెమ్మకి చెప్పండి. తర్వాత వంతు వాళ్ళొచ్చేదాకా నేను ముట్టుకోనండీ," అని వెళ్ళిపోయాడు. అప్పటికి అమలమ్మ ఊళ్ళో లేదు. తల్లికి జబ్బు చేసిందని మార్తని తీసుకుని గుణదల వెళ్ళింది.

ఆయన్ని ఊరి నుంచి కదిలిస్తే గానీ నాకు నిద్ర పట్టదనిపించింది. ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఎడంచేత్తో రాయబోతే కుదరక కుడిచేత్తోనే అక్షరాలు వంకర తిప్పి రాశాను. 'కొంగల్లంక బడి మాస్టరు పిల్లల నుంచి ఇంటింటి సమాచారం లాగి గుడ్డముక్కల్లో దాస్తున్నాడు. గుండ్రాలంటే మొగుడూ పెళ్ళాం. పలకలంటే పిల్లలు. ఎర్ర త్రికోణం పైన పెట్టిన ఇల్లు గుర్తు పెట్టిన ఇల్లు. ఇందులో ఏదో రహస్యం ఉన్నది. తమరు విచారించి ఇతన్ని వెంటనే ఇక్కణ్ణుంచి తప్పించవలెను.' ఎమర్జెన్సీ రోజులు, రహస్యం అన్న మాట వింటే చాలు పైవాళ్ళు ఉలిక్కిపడతారని నా తెలివి. ఏ ఆఫీసుకి రాశానో ఇక్కడ చెప్పను. పని మొదలుపెట్టింది నేనే, వాళ్ళని అనడానికి నాకు మొహం లేదు.

నా డబ్బాలో వేస్తే నా ముద్రే పడుతుంది. అందుకని నైలాన్ దారం కొనాలనే నెపం మీద రైలెక్కి విజయవాడ వెళ్ళాను. మాస్టారు గవర్నర్‌పేటలో ఒక దర్జీ షాపు నుంచి ముక్కలు తెచ్చుకుంటాడని బుల్లెమ్మ ఎప్పుడో చెప్పింది. పనిలో పనిగా అక్కడా ఆరా తీశాను.

"బాలశౌరా? బంగారం లాంటి మనిషండీ. నెలకోసారొచ్చి నేల మీద పడ్డ కత్తిరింపులన్నీ ఏరుకుంటాడు. ఏరుకున్నవి ఏరుకున్నట్టు తీసుకెళ్ళడు. నా కటింగు బల్ల మీదే పేర్చుకుంటా కూచుంటాడు. మా కుర్రాళ్ళు కూడా మిషన్లు ఆపేసి ఆయన చుట్టూ మూగుతారు. ఏంటయ్యా ఇదీ అంటే ఏం లేదంటాడు," అని దర్జీ నవ్వాడు.

ఇంకొకడైతే ఆ మాటతో ఉత్తరం చింపేసి ఇంటికెళ్ళేవాడు. నేను మాత్రం, ఈ దర్జీకి కూడా ఇందులో వాటా ఉందన్నమాట అనుకున్నాను. ఎదురుగా ఉన్న ఎర్ర డబ్బాలో ఉత్తరం వేసి, వేలు లోపలికి పెట్టి కింద పడిందో లేదో చూసుకుని మరీ వచ్చాను.

పదోరోజు పొద్దున గట్టు మీద జీపు ఆగింది. దూరం నుంచే చూసి మగవాళ్ళందరూ దోనెలేసుకుని తుంగలోకి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు తలుపులు బిడాయించుకున్నారు. నాకు వెళ్ళే వీల్లేదు. టపా సంచీ వచ్చే వేళ, పోస్టాఫీసు తెరిచి ఉండాలి. వచ్చినవాళ్ళు ఇద్దరు. కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరు, సంచీ మోసే మనిషి. నేరుగా నా దగ్గరికొచ్చి, "సర్కారు మనిషివి నువ్వొక్కడివే ఉన్నట్టున్నావు. బడి చూపించు," అన్నాడు ఆఫీసరు. తీసుకెళ్ళాను.

మాస్టారు ఖాళీ బడిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. బోర్డు మీద మా బుల్లెమ్మ పెట్టిన ఇల్లు అలాగే ఉంది.

"ఈ ముక్కల్లో ఇంటింటి లెక్కా పెట్టావటగా? మంచి పని చేశావు. ఆ లెక్క మాకు కావాలి," అన్నాడు ఆఫీసరు.

అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. వాళ్ళొచ్చింది మాస్టార్ని తప్పించడానికి కాదు. మమ్మల్ని మర్చిపోయినవాళ్ళకి ఊరు పేరూ, దారీ, చేతికందే జాబితా ఒకటి ఉందన్న ఆశా, అన్నీ నేనే రాసి పంపాను.

"లెక్కలేమీ లేవండీ. పిల్లలు ఆడుకునేవి," అన్నాడు మాస్టారు.

"నాటకాలు కట్టిపెట్టు. మాకు కాగితం వచ్చింది. గుండ్రాలంటే మొగుడూ పెళ్ళాం. పలకలంటే పిల్లలు. ఎర్ర త్రికోణం పైన పెడితే గుర్తు పెట్టిన ఇల్లు." ఆ మాటలన్నీ నావే. ఆఫీసరు వేలితో లెక్కపెట్టాడు. "ఇద్దరు, ముగ్గురు పిల్లలు, పైన గుర్తు. ఇంత స్పష్టంగా పెట్టి ఏం లేదంటావేంటి? చెప్పు, ఈ ఇల్లెవరిది?"

నేను ఆఫీసరు పక్కనే, మూరెడు దూరంలో ఉన్నాను. మాస్టారు నా వైపు చూస్తే చాలు, నా పని అయిపోయినట్టే. ఆయన చూడలేదు. బోర్డు వైపే చూశాడు.

"నాదేనండీ," అన్నాడు.

"నీకు ముగ్గురా?"

"అవునండీ."

"ఊరందరికీ చెప్పాల్సినవాడివి, నువ్వే ముగ్గుర్ని కన్నావా? సరే, పద. ఈ నెలకి నాకు ఇంకొక్క కేసు తక్కువైంది. పైవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు."

"నేనొస్తే ఇంక ఈ ఊరి జోలికి రారు కదండీ?" అని అడిగాడు మాస్టారు.

"ఈ నీళ్ళల్లో పడి మళ్ళీ ఎవడొస్తాడయ్యా?"

ఆయనకి ఒక్కతే కూతురు, ఆ ఇల్లు నాది. ఈ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన చొక్కా మీద సుద్దపొడి దులుపుకుని, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి వాళ్ళ వెంట నడిచాడు. దోనె కనుమరుగయ్యేదాకా నేను బడి వసారాలో నిలబడే ఉన్నాను. భయం తీరినందుకు ముందు నాకు సుఖంగా అనిపించింది. అది ఎంత వద్దనుకున్నా మర్చిపోలేకపోతున్నాను.

తుంగలోంచి బయటికొచ్చిన మగవాళ్ళూ, తలుపు సందుల్లోంచి చూసిన ఆడవాళ్ళూ ఒకటే మాటన్నారు. మాస్టారు వాళ్ళతో కలిసి దోనెలో కూర్చుని వెళ్ళాడు, లెక్క అప్పగించడానికే వెళ్ళాడు అని. "నువ్వక్కడే ఉన్నావుగా పోతురాజూ, ఏమన్నారు?" అని పేరయ్య అడిగాడు. "నాకు సరిగా వినపళ్ళేదు పెద్దయ్యా," అన్నాను.

నాలుగోరోజు మాస్టారు తిరిగొచ్చాడు. కాళ్ళు ఎడంగా వేస్తూ మెల్లిగా నడిచి నా వసారాలోకి వచ్చి ఒక కార్డు అడిగాడు. ఊళ్ళో ఇంకెవరూ ఆయన్ని పలకరించలేదు. నేను కార్డు ఇస్తూ, ఎవరికీ వినపడకుండా, "ఎందుకు చేశారు మాస్టారూ ఆ పని?" అన్నాను.

"మీరు వల లాగే మనిషండీ. ఆ ఆపరేషనయ్యాక బరువులెత్తొద్దంటున్నారు. నేను సుద్దముక్క ఎత్తేవాణ్ణి, నాకేం పర్లేదు. అదీగాక బుల్లెమ్మ అంత ముచ్చటగా పెట్టిందా, దాన్ని చూపించి మీ పేరు ఎలా చెప్పనండీ?" అన్నాడు. కార్డు జేబులో పెట్టుకున్నాడు. "అమలకి నేనే చెప్పుకోవాలి. మా మతంలో ఇది పెద్ద తప్పు. తనకేమో బిడ్డ కావాలని ప్రాణం. ఎలా చెప్పాలో తెలీడం లేదు. అందాకా ఈ సంగతి మీ దగ్గరే ఉంచండి, పోతురాజుగారూ."

సరేనన్నాను. ఆయన మెట్టు దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"ఆ కాగితం ఎవరు రాశారో గానీ, మా బోర్డుని చాలా జాగ్రత్తగా చూశారండీ. ఒక్క ముక్క తప్పు రాయలేదు. మా ట్రెయినింగులో మాస్టర్లు కూడా అంత శ్రద్ధగా చూసేవాళ్ళు కాదు."

ఆయనకి తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన మొహంలో ఎంత వెతికినా వెటకారం కనిపించలేదు. నేను నమ్మలేనిది ఆ మొహాన్నే.

మర్నాడు మా బుల్లెమ్మని బడికి పంపాను. నాకున్న ధైర్యం అంతే. కొండలమ్మ వద్దని గోల చేసింది, పేరయ్య మా ఇంటి గడప తొక్కడం మానేశాడు. నెలరోజులపాటు ఆ బడిలో ఒక్క మాస్టారు, ఒక్క పిల్ల. బోర్డు మీద ముక్కలు రోజూ ఒకటి ఆయన జరిపేవాడు, ఒకటి మా పిల్ల జరిపేది. జీపు మళ్ళీ రాలేదు. రాకపోవడం చూసి దీపావళి వెళ్ళాక ఒకళ్ళొకళ్ళుగా పిల్లల్ని పంపించారు గానీ, మాస్టారితో మాత్రం ఎవరూ మనసిచ్చి మాట్లాడలేదు. "వాళ్ళ మనిషే. కాకపోతే నాలుగురోజులు ఉంచుకుని పంపిస్తారా?" అనేవాళ్ళు. ఏం జరిగిందో నేను చెబితే సరిపోయేది. మాస్టారికిచ్చిన మాట అడ్డమని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆ మాట అడ్డం లేకపోయినా చెప్పేవాణ్ణి కాదు. అది చెబితే ఉత్తరం సంగతీ చెప్పాలి.

డెబ్భై ఏడు జనవరి ఆఖర్న ఒక మధ్యాహ్నం అమలమ్మ వచ్చింది. తల్లికి నయమయ్యాక దసరా నాటికే తిరిగొచ్చేసింది. ఎప్పటిలాగే నవ్వు మొహం. చేతిలో ఒక కార్డు.

"అన్నయ్యగారూ, మా అమ్మకి నాలుగు ముక్కలు రాసిపెట్టాలి. నాకు చదువు రాదు కదా. ఆయన్ని అడిగితే రేపు, రేపు అంటున్నారు. ఏంటో ఈమధ్య ఏది చెప్పినా అలాగే అంటున్నారు," అంది.

కలం తీశాను. ఆమె బల్లకి ఎదురుగా కింద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ అంతా క్షేమం. వచ్చే నెల గుణదల తిరునాళ్ళకి ఈసారి రాలేకపోతున్నాను, ఆయనకి ఒంట్లో బాగుండడం లేదు, ఎప్పుడూ దిగులుగా ఉంటున్నారు. నా బదులు నువ్వు కొండెక్కి మాతకి కొవ్వొత్తి వెలిగించు. మార్తకి తోడు ఇంకొకళ్ళని ఇమ్మని అడుగు. ఈ ఏడైనా తప్పకుండా ఇస్తుందని నాకు నమ్మకంగా ఉంది.

రాశాను. ఒక్కొక్క మాటా ఆమె చెప్పినట్టే రాస్తున్నాననుకున్నాను. మధ్యలో చెయ్యి ఆగింది. తలెత్తి చూశాను. ఆమె నా మొహంలోకి చూస్తూ నా కోసం ఆగింది, తొందరగా చెప్పేశానేమో అనుకున్నట్టుంది. నేను నోరు తెరిచాను. మాస్టారు అడిగిన మాట గుర్తొచ్చింది, నా ఉత్తరం గుర్తొచ్చింది, ఏది ముందు గుర్తొచ్చిందో చెప్పలేను. తల దించుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.

"అయిందా అన్నయ్యగారూ? ఓసారి చదవండి," అంది.

చదివాను. ఇంకొకళ్ళని ఇమ్మని అన్నచోట, అందరికీ రాసే అలవాటు కొద్దీ, ఒక కొడుకుని ఇమ్మని అని రాసినట్టున్నాను. ఆమె చెయ్యి ఊపి ఆపింది.

"కొడుకే అని అడగొద్దండీ. అలా గిరిగీసి అడిగితే బాగుండదు. ఎవరైనా సరే, ఒక బిడ్డ. అలా రాయండి."

కొడుకు అన్న మాట కొట్టేశాను. దాని పైన, జాగాలో పట్టేలా చిన్న అక్షరాలతో, బిడ్డ అని రాశాను.